తోక నేనే తగిలించాను

"అడవిలో వింత జంతువును కళ్ళారా చూశామని చెప్పేవాళ్ళ మాటల్లో నిజమెంతో ఎలా పసిగట్టాలి?" అనేది కదా ప్రశ్న. జంతువు సంగతి తర్వాత. ముందు చెప్పేవాడు తన గురించి ఏం చెప్పుకుంటున్నాడో వినండి. "నేను చుక్క ముట్టను", "నాకు దయ్యాల మీద నమ్మకం లేదు", "ముప్పై ఏళ్ళుగా ఈ అడవిలోనే తిరుగుతుండా". ఎవరూ అడక్కముందే ఇవన్నీ వచ్చేశాయంటే కథ మొదలైనట్టే.

మా మేనమామకు భాకరాపేట దగ్గర, అడవి అంచున మామిడి తోపు ఉంది. అంతా తోతాపురి. (ఆ కాయను ఫ్యాక్టరీకి తోలి, గేటు ముందు ట్రాక్టరు మీదే రెండు రాత్రులు పడుకుని, చివరికి వాళ్ళు రాసిచ్చే రేటు చూస్తే ఏ వింత జంతువూ అంత భయపెట్టదు. అది ఇంకోసారి.) డిగ్రీ చదివేటప్పుడు, జూన్‌లో ఒక రాత్రి మామకు తోడుగా కావలికి పోయాను. రెండు గంటలప్పుడు తోపు చివర ఎండాకుల మీద అడుగుల చప్పుడు. దాంతోపాటు ఎవరో గొట్టంతో గాలి పీల్చి వదుల్తున్నట్టు బుసబుస. మామ టార్చి కొట్టాడు. బ్యాటరీలు అయిపోవచ్చాయి, దీపం బుడ్డి వెలుతురు. నల్లటి ముద్ద ఒకటి. కింద ఒక జత కళ్ళు మెరిశాయి, దాని పైన జానెడు ఎత్తులో ఇంకో జత. రెండు మూడు సెకన్లు. మామ డబ్బా వాయించేసరికి బండల్లోకి పోయింది. నేను చూసింది ఇంతే, ఒట్టు. (చూశారా, నాకూ ఒట్టు వచ్చేసింది.)

పొద్దున టీ అంగడి దగ్గర మామ మొదటి మాట: "నిన్న శనివారం. శనివారం నేనేమీ ముట్టనని మీకందరికీ తెల్సు గదా." తర్వాత, "ముందు కుక్కేమో అనుకుంటి. కాదు. పందేమో అనుకుంటి. అదీ కాదు." అసలు పనితనమంతా ఇక్కడే ఉంది. తొందరపడి నమ్మే మనిషి కాదని ముద్ర వేయించుకున్నాడు. కుక్కనూ పందినీ తోసేశాక ఇక మిగిలింది వింత జంతువే. ఎలుగుబంటి ఆ వరుసలోకి ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. ఆపైన, "టైము రెండూ పది. అప్పుడే నా బీడీ ఆరిపోయింది." బీడీ ఎవరిక్కావాలి? కానీ బీడీ నిజమైతే జంతువూ నిజమే అనిపిస్తుంది వినేవాడికి. అందరూ గ్లాసులు పట్టుకుని ఆగాక చెప్పాడు: "దూడంత ఉండాది. రెండు తలకాయలు."

ఎవరో కిసుక్కున నవ్వారు. మామ నావైపు తిరిగాడు. "ఏం రా అల్లుడా, నువ్వూ చూసినావు గదా?"

అంగడంతా నన్నే చూస్తోంది. మామ పరువు. "అవును మామా, తోక గూడా ఉండాది," అన్నాను. ఆ తోక ఎక్కణ్ణించి ఊడిపడిందో నాకే తెలీదు. ఊరికే అవునంటే వంత పాడినట్టుంటుంది. రెండో సాక్షి తన వంతు ఒకటి కలిపితేనే విడిగా చూసినట్టుంటుంది. నవ్విన మనిషి నవ్వడం ఆపేశాడు.

మధ్యాహ్నం ఫారెస్టు గార్డు వచ్చి, గోళ్ళతో తవ్వేసిన చెదల పుట్ట చూపించాడు. "తల్లి ఎలుగొడ్డు. పిల్లను వీపు మీద ఎక్కించుకుని తిరుగుతాది. చెదలు పీల్చేటప్పుడు ఆ చప్పుడు." లెక్క సరిపోయింది. మామ మాత్రం, "ఆయన చూసినాడా? చూసినోళ్ళం మేము గదా," అన్నాడు. దీనికి ఇంతవరకూ నాకు జవాబు దొరకలేదు.

ఇది పల్లెటూరి తెలివనుకోకండి. స్కాట్లండ్‌లో నెస్ అనే సరస్సులో ఉందని చెప్పుకునే వింత జంతువుదని 1934లో పేపర్లో పడిన ఫోటోకు 'సర్జన్ ఫోటో' అనే పేరు. జంతువు పేరు కాదు, ఇచ్చినాయన ఉద్యోగం పేరు! అంత డాక్టరు అబద్ధమాడతాడా అని. బొమ్మ జలాంతర్గామికి తలా మెడా అతికించి ఆడిన నాటకమని 1994లో బయటపడింది.

మన టీవీవాళ్ళకు ఆ డాక్టరు కూడా అక్కర్లేదు. "అంతుచిక్కని జంతువు కలకలం, స్థానికుల్లో భయాందోళన." ఎవరయ్యా ఆ స్థానికులు? 2017లో విశాఖలో కడుతున్న బిల్డింగులో కనబడ్డ గుడ్లగూబ పిల్లల్ని గ్రహాంతరవాసులని తిప్పారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ళ పాపను చంపేసింది. ఆ తర్వాత మా తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో సందులో కనబడ్డ ప్రతి కుక్కా చిరుతే. నిజంగా చిరుతలు తిరిగే ఊళ్ళో ఇలా చేస్తే అసలు హెచ్చరిక వచ్చినరోజు కూడా జనం నవ్వి ఫార్వర్డ్ చేస్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

అలాగని వీళ్ళంతా అబద్ధాలకోర్లని అనను. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్ అనే సైకాలజిస్టు విద్యార్థులకు కార్లు గుద్దుకునే ఫిల్ము చూపించి, వేగమెంతని అడిగింది. కొందరితో "గుద్దేసుకున్నప్పుడు" అంది, కొందరితో "తగిలినప్పుడు" అంది. వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అంటే, గుద్దేసుకున్నవనే మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. తగిలినవనే మాట విన్న 50 మందిలో 7గురు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు.

నా తోక సంగతీ అంతే. ఇన్నేళ్ళకు ఆ రెండు జతల కళ్ళూ మసకబారిపోయాయి. తోక మాత్రం కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ కనబడుతుంది. మూరెడు పొడుగు, చివర కుచ్చు.