మాన్యువల్ మోడ్‌లో ఎండలో ఫొటోలన్నీ తెల్లగా వస్తున్నాయా? ముందు ఐఎస్ఓ చూడండి

ట్యాంక్‌బండ్ మీద మాన్యువల్‌లో తీసిన ఫొటోలన్నీ తెల్లగా వచ్చాయి, లెన్స్ పాడైందా అని అడిగారు. లెన్స్ పాడవలేదు, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 1600 దగ్గరే ఉండిపోయింది అంతే. ముందురోజు రాత్రి ఫంక్షన్ హాల్లో తీశానన్నారు కదా, కెమెరా ఆపి ఆన్ చేసినా మాన్యువల్‌లో ఆ నంబర్ అలాగే ఉంటుంది, తనంతట తను తగ్గదు. చాలామంది షట్టర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం, 1/200 అంటే సెకనులో 200వ వంతు), అపర్చర్ (లెన్స్ రంధ్రం, ఎఫ్ అంకె పెరిగితే చిన్నదవుతుంది) తిప్పుతూ కూర్చుంటారు గానీ దీన్ని చూడరు, నేనూ ఒక పెళ్లి ఊరేగింపు మొత్తం ఇలాగే పోగొట్టుకున్నా.

మీ లెక్క చూడండి: మధ్యాహ్నం ట్యాంక్‌బండ్ మీద ఎఫ్ 5.6, 1/200, ఐఎస్ఓ 1600. అంటే ఫొటోలో వెలుగు కావాల్సిన దానికంటే దాదాపు 64 రెట్లు ఎక్కువ, రా ఫైల్ (కెమెరా సర్దకుండా దాచే అసలు డేటా) అయినా అంత తెలుపులోంచి ఏమీ రాదు.

ఇలా చేయండి:

1. బయటికి రాగానే ఐఎస్ఓ 100. ఆటో ఐఎస్ఓ ఉంటే ఆపేయండి, లేకపోతే మీరు షట్టర్ మార్చినా అది వెనకాల సర్దేస్తూ ఉంటుంది, మీకేమీ అర్థం కాదు.

2. ఎఫ్ 8 పెట్టి షట్టర్ 1/400. నిండా ఎండ ఉంటే ఇది సరిపోతుంది. (ఎఫ్ 16 దగ్గర షట్టర్ ఐఎస్ఓ అంకెకి దగ్గరగా, అంటే 1/100, పాత ఫిల్మ్ రోజుల లెక్కే. ఎఫ్ 8లో నాలుగు రెట్లు వెలుగు వస్తుంది కాబట్టి 1/400.) మబ్బు పడితే 1/100కి దించండి.

3. బుద్ధుడి విగ్రహం తెల్ల రాయి కదా, ఇంకా తెల్లబడితే 1/500 లేదా 1/640.

4. ఎండలో స్క్రీన్ చూసి నమ్మొద్దు, హిస్టోగ్రామ్ (ఫొటోలో నలుపు నుంచి తెలుపు దాకా ఏది ఎంతుందో చూపే గ్రాఫ్, కుడివైపు తెలుపు) తెరవండి. కుడి గోడకి గుట్టగా అతుక్కుంటే షట్టర్ వేగం ఇంకా పెంచాలి.