దిగేటప్పుడు న్యూట్రల్ వెయ్యకు

సాలూరు,
ఆదివారం రాత్రి.

బంగారుతల్లికి మావయ్య రాసేది.

ఒడిశాలో కోరాపుట్ బ్యాంకులో చేరుతున్నావని, కారు నువ్వే నడుపుకుని వెళ్తానన్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. మన ఇంట్లో ఆడపిల్ల స్టీరింగ్ పట్టి సుంకి ఘాట్ ఎక్కడం ఇదే మొదలు. పొద్దున్న లారీ స్టాండులో అందరికీ చెప్పుకుని వచ్చాను. ఇప్పుడు నిద్ర పట్టడం లేదు.

“విజయనగరం నుంచి నూటారు కిలోమీటర్లే” అన్నావట. అది కొండల మీంచి తిన్నగా గీత గీసి చెప్పే విమానం లెక్క గుంటా! రోడ్డు మీద 150కి అటూ ఇటూ ఉంటుంది. పోనీ, విశాఖ నుంచి కోరాపుట్ అవతలున్న జయపురానికి ఆ మధ్య 9 సీట్ల విమానం వేశారు కదా అంటావేమో. అక్కడ దిగినా కోరాపుట్‌కి మళ్లీ ఘాట్ ఎక్కాల్సిందే.

గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు దాకా బాధ లేదు. టైర్లలో గాలి, స్టెప్నీ, వైపర్లు చూసుకో. పి.కోనవలస దగ్గర ఘాట్ మొదలయ్యాక కిలోమీటర్ల లెక్క వదిలెయ్. కోరాపుట్ 870 మీటర్ల ఎత్తున ఉంది, నింపాదిగా ఎక్కు.

నా భయమంతా నువ్వు తిరిగొచ్చేటప్పుడే. ఇంటికొచ్చే తొందర ఎలాంటిదో నాకు తెలుసు.

మీ అమ్మ పెళ్లికి ముందు రోజు జయపురంలో అల్లం లోడు ఎత్తాను. సాలూరు వంద కిలోమీటర్ల పైచిలుకు, గంటకి నలభై వేసుకున్నా మూడు గంటలు చాలనుకుని సాయంత్రం నాలుగింటికి కదిలాను. పొట్టంగి వచ్చేసరికే చీకటి, మంచు. ముందు రెండు లోడు లారీలు నత్తల్లా పోతున్నాయి. సుంకి దాటాక రోడ్డు ఖాళీ దొరికింది. టైము కలిసొస్తుంది, డీజిలూ మిగులుతుందని గేరు తీసి న్యూట్రల్ వేసేశాను. ఇక బండిని ఆపే భారమంతా బ్రేకుల మీదే పడింది. నాలుగో మలుపులో బ్రేకు లైనర్లు కాలిన వాసన. అయిదో మలుపులో బ్రేకు పెడల్ తొక్కితే కాలు నేలకి ఆనింది. గేరు వేద్దామంటే పడలేదు. ఎడమ చేతి వైపు కొండకి బండిని రాసేశాను. అద్దం పోయింది, తలుపు నొక్కుకుపోయింది, ఆగింది. క్లీనర్ కుర్రాడు దూకి చక్రాల కింద రాళ్లు పెట్టాడు. కుడివైపు లోయ. తెల్లారేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. బస్తాలు చిరిగి రోడ్డంతా అల్లం వాసన. మీ అత్త టీలో అల్లం వేస్తే నేనెందుకు తాగనో ఇప్పుడర్థమైందా?

పెళ్లికి తాళి కట్టాక చేరాను. పంక్చర్ అని చెప్పాను. మీ అమ్మ ఇప్పటికీ అదే అనుకుంటోంది, నువ్వు నోరు జారకు.

ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. శనివారం ఆలస్యమైతే అక్కడే పడుకుని ఆదివారం పొద్దున్న రా. ఘాట్‌లో ఫోన్ అందకపోతే మీ అమ్మ కంగారు పడుతుంది, నేను పడను అనుకోకు.

మొదటిసారి వెళ్లేటప్పుడు సాలూరులో ఆగు. మీ అత్త అన్నం పెడుతుంది. నేను పక్క సీట్లో కూర్చుని కోరాపుట్ దాకా వస్తాను, బస్సులో తిరిగొచ్చేస్తాను. దారిలో ఏమీ అనను. బ్రేకు తొక్కమని ఒకటి రెండుసార్లు అంటానేమో.

మీ మావయ్య