లీలియా దాచింది ఏముంది?

ప్రశ్న: జాన్ కసావెటిస్ తీసిన ‘షాడోస్’ (1959) చూశాను. నల్లజాతి కుటుంబంలోని లీలియా పాత్రను లీలియా గోల్డోనీ అనే తెల్ల నటితో వేయించారు. ఇది హాలీవుడ్ చేసే మోసమే కదండీ? పైగా ఆ అమ్మాయి తన జాతి సంగతి తన తెల్ల ప్రియుడు టోనీకి ముందే చెప్పేసి ఉంటే అంత గొడవే ఉండేది కాదు కదా?

జవాబు: మొదటి మాట ఒప్పుకుంటాను, రెండోది మాత్రం అస్సలు ఒప్పుకోను.

1949లో ‘పింకీ’ సినిమాలో తెల్లపిల్లలా కనిపించే నల్లమ్మాయి పాత్రను తెల్ల నటి జీన్ క్రెయిన్‌తో వేయించి హాలీవుడ్ చేసిందీ ఇదే. పెద్ద స్టూడియో అయితే టికెట్లు తెగవనైనా సాకు చెబుతుంది, రేడియో శ్రోతలు పంపిన చందాలతో మొదలై 16 ఎంఎం కెమెరాతో న్యూయార్క్ వీధుల్లో తీసిన సినిమాకి ఆ సాకు కూడా లేదు. కసావెటిస్ తన యాక్టింగ్ వర్క్‌షాప్‌లో ఉన్నవాళ్లనే తీసుకున్నాడు, అంతే.

ఇక లీలియా దాచిందంటారా? ఆ సీన్ ఇంకోసారి చూడండి. ఇంట్లో ఆమె, టోనీ ఉంటారు. అన్నయ్య హ్యూ లోపలికొస్తాడు, అతనిది బాగా నల్లని రంగు. లీలియా మామూలుగానే పరిచయం చేస్తుంది. టోనీ ముఖం మారిపోతుంది, ఏదో సాకు చెప్పి జారుకోవాలని చూస్తాడు, హ్యూకి విషయం అర్థమై బయటికి పొమ్మంటాడు. ఇందులో ఆమె ఆడిన అబద్ధం ఎక్కడుంది? తెల్లపిల్ల అని టోనీయే అనుకున్నాడు, ఆమె ఎప్పుడూ అనలేదు. ‘పింకీ’ తరహా కథల్లో తెల్లవాళ్లలా చలామణి అయిన అమ్మాయే తప్పు చేసినట్టు కుమిలిపోవాలి, ఇక్కడ సిగ్గుపడాల్సింది టోనీ. అప్పటికి అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జాత్యంతర వివాహాలపై నిషేధం ఉంది (1967లో గానీ సుప్రీంకోర్టు కొట్టేయలేదు), కానీ న్యూయార్క్‌లో అలాంటి చట్టమే లేదు. అంటే టోనీ భయపడింది పోలీసులకి కాదు.

నన్నడిగితే అందరూ ఈ ప్రేమకథ గురించే మాట్లాడి హ్యూ తమ్ముడు బెన్‌ని వదిలేస్తారు. తెల్ల స్నేహితులతో బార్ల వెంట తిరుగుతూ, తానెవరో తేల్చుకోకుండా, సినిమా అయిపోయినా అలాగే మిగిలిపోతాడు. నాకు ఎక్కువ నచ్చింది అతనే.

దొరికితే 1964 నాటి ‘వన్ పొటాటో, టూ పొటాటో’ కూడా చూడండి. అందులో తెల్లామె, నల్లాయన పెళ్లే చేసుకుంటారు. ఆ తెల్లామె పాత్ర వేసిన బార్బరా బ్యారీకి కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి అవార్డు వచ్చింది. కథలో ఆ తెల్లామె మొదటి భర్త, కూతుర్ని తనకే అప్పగించాలని కేసు వేస్తే జడ్జి ఏం తేలుస్తాడో నేను చెప్పను, టెన్షన్ పోతుంది.