హోమ్ రికార్డింగ్‌లో చిటపటలు వస్తుంటే ల్యాప్‌టాప్ మార్చాలా?

ఇంట్లో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాట రికార్డ్ చేస్తుంటే చిటపటలు వస్తున్నాయి, మధ్యలో సౌండ్ ఆగిపోయి మళ్ళీ వస్తోంది, టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పాతిక శాతం కూడా దాటడం లేదు, షాపులో అడిగితే కొత్త ల్యాప్‌టాప్ కొనమన్నారు, కొనాలా అని కదా మీరు అడిగింది. ఇప్పుడే కొనకండి. నేను ఇంట్లో వయొలిన్, పాట రికార్డ్ చేసుకుంటాను. నాదీ విండోస్ ల్యాప్‌టాపే, మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేసే. ఇదే ఇబ్బంది నాకూ వచ్చింది, పోయింది. ఇప్పటికీ అదే ల్యాప్‌టాప్ వాడుతున్నాను.

అన్నిటికంటే ముందు, ఆ చిటపట రికార్డయిన ఫైల్‌లోనే ఉందా, వినేటప్పుడు మాత్రమే వస్తోందా అన్నది తేల్చుకోండి. ఎఫెక్టులన్నీ ఆపేసి, బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో సిద్ధం చేసే శబ్దపు ముక్క సైజు) 1024కి పెంచి, ఒకే ముక్కను రెండు మూడుసార్లు ప్లే చేయండి. ప్రతిసారీ అదే అక్షరం దగ్గర టప్‌మంటే అది ఫైల్‌లో పడిపోయినట్టే. ఒక్కోసారి ఒక్కోచోట వస్తే మీ టేక్‌కి (రికార్డ్ చేసిన పాటకి) ఏమీ కాలేదు, ప్లే చేసేటప్పుడే కంప్యూటర్ అందుకోలేకపోతోంది. ఫైల్‌లో ఉందని తేలితే వేవ్‌ఫామ్‌ని బాగా జూమ్ చేసి చూడండి. అల పైభాగం చదునుగా ఉంటే అది క్లిప్పింగ్, అంటే శబ్దం హద్దు దాటింది, డ్రైవర్ల (పరికరాలని నడిపే ప్రోగ్రామ్‌ల) జోలికి వెళ్ళక్కర్లేదు, మైక్ గెయిన్ తగ్గిస్తే చాలు. 24 బిట్‌లో రికార్డ్ చేస్తుంటే తారస్థాయిలో గొంతెత్తినప్పుడు కూడా మీటర్ మైనస్ 10 దగ్గరే ఆగేలా పెట్టుకోండి, క్వాలిటీ ఏమీ తగ్గదు. అలా కాకుండా అల హఠాత్తుగా తెగి ఇంకో ఎత్తులో మొదలైతే మధ్యలో శాంపిల్స్, అంటే శబ్దాన్ని కొలిచిన అంకెలు, పోయాయన్నమాట. అసలు సమస్య అదే.

ఎందుకు పోతాయంటే, 48 కిలోహెర్ట్జ్‌లో సెకనుకు 48,000 శాంపిల్స్ నడుస్తాయి. బఫర్ 128 అని పెడితే ప్రతి 2.7 మిల్లీసెకన్లకు ఒక ముక్క సిద్ధంగా ఉండాలి. 512 పెడితే 10.7 మిల్లీసెకన్ల గడువు దొరుకుతుంది. టాస్క్ మేనేజర్ చూపించేది అన్ని కోర్ల సగటు. మృదంగం ఆవర్తనమంతా చక్కగా నడిచినా సమం దగ్గర ఒక్క దెబ్బ ఆలస్యమైతే వినేవాళ్ళకు తెలిసిపోతుంది కదా, ఇదీ అంతే. కంప్యూటర్ మొత్తం ఖాళీగా ఉన్నా, ఒక్క గడువు తప్పితే టప్‌మంటుంది. అందుకే పాతిక శాతం అన్న లెక్కని నమ్ముకోవద్దు.

ఇక డ్రైవర్. రీపర్‌లో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి ఆడియో డివైస్ పేజీ తెరవండి. అక్కడ ఏసియో (ఆలస్యం తక్కువగా ఉండే ఆడియో డ్రైవర్ పద్ధతి) ఎంచుకుని, మీ ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన సొంత డ్రైవర్‌నే పెట్టండి. చాలామంది ఏసియోఫర్ఆల్ వేసుకుని అదే ఏసియో అనుకుంటారు. అది విండోస్ డ్రైవర్ మీద కట్టిన వంతెన మాత్రమే, సొంత డ్రైవర్ లేని పరికరాలకే దాని అవసరం. యూఎస్‌బీ మైక్‌లో పాడుతూ ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్‌లో వింటుంటే దానివల్ల ఇంకో చిక్కు కూడా వస్తుంది. రెండు పరికరాల్లో రెండు వేర్వేరు క్లాక్‌లు ఉంటాయి, అవి మెల్లమెల్లగా తేడా పడి, కాసేపటికొకసారి క్లిక్ వినిపిస్తుంది. ఏ పరికరంతో రికార్డ్ చేస్తున్నారో దాని హెడ్‌ఫోన్ జాక్‌లోనే వినండి. శాంపిల్ రేట్ కూడా విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో, ప్రాజెక్ట్‌లో, ఇంటర్‌ఫేస్ ప్యానెల్‌లో ఒకటే ఉండాలి. ఒకచోట 44.1, ఇంకోచోట 48 ఉంటే గొడవే.

నా విషయంలో దొంగ ఎవరంటే, వైఫై డ్రైవర్. లేటెన్సీమాన్ అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రామ్ ఉంది. దాన్ని నడిపించి, పక్కన మామూలుగా పని చేసుకుంటూ పోతే, ఏ డ్రైవర్ ప్రాసెసర్‌ని ఎక్కువసేపు పట్టుకుని కూర్చుంటోందో పేరుతో సహా చూపిస్తుంది. నాకు నెట్‌వర్క్ డ్రైవర్ పేరు పైకి వచ్చింది. డివైస్ మేనేజర్‌లో వైఫైని డిసేబుల్ చేయగానే బఫర్ 128లో కూడా శుభ్రంగా నడిచింది. తర్వాత ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి కొత్త డ్రైవర్ వేస్తే చాలావరకు తగ్గింది, కానీ టేక్ తీసుకునేటప్పుడు ఇప్పటికీ వైఫై, బ్లూటూత్ రెండూ ఆపేస్తాను. మీ ల్యాప్‌టాప్‌లో అది గ్రాఫిక్స్ డ్రైవర్ కావచ్చు, బ్యాటరీని చూసుకునే ఏసీపీఐ కావచ్చు. కొలవకుండా ఊహించొద్దనే నేను గట్టిగా చెప్పేది. యూట్యూబ్‌లో చెప్పిన సెట్టింగులన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలియదు. ఒక్కటి మార్చండి, పరీక్షించండి.

పరీక్షకి తంబూరా కంటే మంచి సాధనం లేదు. ఎలక్ట్రానిక్ తంబూరా ఫైల్ ఒకటి ట్రాక్‌లో పెట్టి పది నిమిషాలు లూప్‌లో వినండి. ఆగకుండా సాగే నాదం కాబట్టి చిన్న తెగుడు కూడా స్పష్టంగా బయటపడుతుంది. డ్రమ్స్ ఉన్న ట్రాక్‌లో అదే క్లిక్ దరువులో కలిసిపోతుంది.

పవర్ ఆప్షన్స్‌లో హై పెర్ఫార్మెన్స్ పెట్టండి, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. ఇంటర్‌ఫేస్‌ని హబ్‌కి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి, వీలైతే వేరే కేబుల్‌తో కూడా చూడండి. రికార్డ్ చేసేటప్పుడు ఛార్జర్ పెట్టి ఉంచడమే మంచిది, బ్యాటరీ మీద చాలా ల్యాప్‌టాప్‌లు వేగం తగ్గించేస్తాయి. ఛార్జర్ పెట్టగానే బుయ్‌మని ఆగకుండా మోత వస్తే మాత్రం అది వేరే జబ్బు. ఇంట్లో ఎర్త్ సరిగా లేకపోయినా, రెండు పిన్నుల అడాప్టర్ అయినా అలా వస్తుంది. దానికి బఫర్ మార్చి లాభం లేదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి.

ఇవన్నీ చూశాక కూడా ట్రాకులు పెరిగేకొద్దీ తెగుతుంటే, ప్లగిన్‌ల (ఎఫెక్టులు, సాఫ్ట్‌వేర్ వాయిద్యాలు ఇచ్చే చిన్న ప్రోగ్రామ్‌ల) సంగతి చూడాలి. రీపర్ వ్యూ మెనూలో పెర్ఫార్మెన్స్ మీటర్ తెరిచి, ఆర్‌టీ సీపీయూ (గడువులోపు చేయాల్సిన ఆడియో పని భారం) అంకెని గమనించండి. ఒక ట్రాక్ మీద వరుసగా పెట్టిన ప్లగిన్‌లు ఒకదాని తర్వాత ఒకటి నడవాల్సిందే, వాటిని నాలుగు కోర్లకి పంచడం కుదరదు. మామూలు ట్రాకులని రీపర్ ముందుగానే లెక్క కట్టి పెట్టుకుంటుంది కానీ, రికార్డ్‌కి ఆర్మ్ (సిద్ధం) చేసి మానిటరింగ్ (పాడుతూనే వినడం) పెట్టిన ట్రాక్‌కి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి మీ గొంతు ట్రాక్ మీద, మాస్టర్ మీద బరువైన ప్లగిన్‌లు మిక్సింగ్ దాకా పెట్టకండి. పూర్తయిన ట్రాకులని ఫ్రీజ్ చేయండి, అంటే ఎఫెక్టులతో సహా ఆడియోగా మార్చి పెట్టుకోండి.

ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటే అది వాడండి, రీపర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపేయండి. మీ గొంతు కంప్యూటర్‌లోకి వెళ్ళి తిరిగి రాకుండా నేరుగా చెవికి చేరుతుంది, ఆలస్యం తెలియదు. అప్పుడు బఫర్ 512 ఉన్నా హాయిగా పాడుకోవచ్చు. పాడేవాళ్ళకి 64, 128 అంటూ పోరాడాల్సిన అవసరమే ఉండదు. కీబోర్డ్‌తో సాఫ్ట్‌వేర్ వాయిద్యాలు వాయించేవాళ్ళకే ఆ తిప్పలు.

లేటెన్సీమాన్‌ని ఓ పావుగంట నడిపి, అన్నిటికంటే పైన వచ్చిన డ్రైవర్ పేరు, మీ బఫర్, శాంపిల్ రేట్, ఇంటర్‌ఫేస్ మోడల్ ఇక్కడ రాయండి. తర్వాత ఏం మార్చాలో చూసి చెప్తాను.