బాయిలర్ ప్రెషర్ పడిపోతున్న సమస్యకు సమాధానం

మీ బ్రిటన్ ఇంట్లోని కాంబి బాయిలర్ (గదుల హీటింగ్‌కూ కుళాయి వేడినీటికీ ఒకే యంత్రం) చల్లగా ఉన్నప్పుడు 1.2 బార్ (ప్రెషర్ కొలమానం) చూపే ప్రెషర్ గేజ్ ముల్లు, హీటింగ్ వేసిన అరగంటకు 3 దగ్గరికి ఎగబాకి, తెల్లారేసరికి 0.5కి పడిపోతోందని, రేడియేటర్ల దగ్గర ఎక్కడా తడి లేదని మీరు రాశారు. ఈ లక్షణాలను బట్టి లోపం పైపుల్లో కాక ఎక్స్‌పాన్షన్ వెసెల్‌లో (బాయిలర్‌కు అనుబంధంగా ఉండే చిన్న ట్యాంకు) ఉండే అవకాశమే ఎక్కువ. వేడెక్కి వ్యాకోచించే నీటికి చోటిచ్చేది ఆ వెసెల్‌లో రబ్బరు పొరకు అవతల ఉండే గాలి. అది తగ్గిపోతే ప్రెషర్ పెరిగి, 3 బార్ వద్ద సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నీటిని ఇంటి బయటికి వదిలేస్తుంది, చల్లారాక ఆ మేరకు ముల్లు దిగిపోతుంది. ఆ నీరు బయటికి వచ్చే, బయటి గోడకున్న సన్నని రాగి గొట్టం చివర ఒక ప్లాస్టిక్ సంచి వదులుగా కట్టి, హీటింగ్ నడిచాక అందులో నీరు చేరిందేమో చూడండి.

రోజూ ఫిల్లింగ్ లూప్‌తో (కుళాయి నీటిని హీటింగ్ పైపుల్లోకి ఎక్కించే గొట్టం) నీరు నింపుతూ నెట్టుకురావద్దు, ఎందుకంటే కొత్త నీటితో వచ్చే ఆక్సిజన్ రేడియేటర్లను లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది (ఒక శీతాకాలమంతా నేనూ ఇదే పొరపాటు చేశాను). వెసెల్‌లో గాలి నింపడం చిన్న పనే అయినా, బాయిలర్ మూత విప్పవలసి వస్తుంది గనుక గ్యాస్ సేఫ్ రిజిస్టరులో (బ్రిటన్‌లో గ్యాస్ పనులకు అర్హుల అధికారిక జాబితా) ఉన్న ఇంజినీరుకే అప్పగించండి. ఒకసారి తెరుచుకున్న సేఫ్టీ వాల్వ్ మళ్లీ సరిగా మూసుకోకపోవచ్చు, దాన్ని కూడా పరీక్షించమనండి.