చీపురు దగ్గర ఆగు, తమ్ముడూ

ప్రియమైన తమ్ముడికి, ప్రభువు నామంలో వందనాలు.

నువ్వు పంపిన ప్రసంగం రెండుసార్లు చదివాను. మొదట మనసులో చదివాను, తర్వాత గొంతెత్తి చదివాను. ఆరాధన కోసం రాసింది ఏదైనా సరే, పైకి చదవకుండా దాని గురించి మాట్లాడను. అది చెవుల కోసం రాసింది కదా.

లూకా సువార్త 15లో యేసు చెప్పిన, నాణెం పోగొట్టుకున్న స్త్రీ కథ తీసుకున్నావు. పశ్చాత్తాపం గురించి, దేవుని ప్రేమ గురించి మూడు పేజీలు శ్రద్ధగా రాశావు. చివరి పేరాకి వచ్చేసరికి ‘మనం కూడా మన అనుదిన జీవితంలో...’ అని మొదలుపెట్టి ఉద్యోగం, కుటుంబం, చేతిలో ఫోను అన్నిటినీ నాలుగు వాక్యాల్లో చుట్టేశావు. మరి ఆ అనుదిన జీవితం అప్పటిదాకా ఎక్కడ ఉంది? మూడు పేజీలపాటు బయట నిలబడి ఉందా?

ఆ ఒక్క వచనం మళ్లీ చదువు. ఆమె దీపం వెలిగిస్తుంది, ఇల్లు ఊడుస్తుంది, దొరికేవరకు జాగ్రత్తగా వెదుకుతుంది. మూడూ ఇంటిపనులే. ఆ కాలపు పేదల ఇళ్లలో వెలుతురు తక్కువ, దీపం లేకపోతే మూలలు కనబడవు. పోయింది ద్రాక్మా, అంటే దాదాపు ఒక రోజు కూలి. ఆమె నడుం వంచి ఊడుస్తోంది. కళ్లకంటే చెవులే ఎక్కువ పనిచేస్తున్నాయి, చీపురుకి తగిలి ఎక్కడైనా చిన్న చప్పుడు వస్తుందేమోనని. ఒక మూల అయిపోతే ఇంకో మూల. తప్పిపోయిన మనిషి కోసం దేవుడు వెదకడం ఎలా ఉంటుందో చెప్పడానికి యేసు ఆ వంగిన నడుమునే చూపించాడు. నీ ప్రసంగంలో చీపురు అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. రోజూ ఇల్లు ఊడ్చి, ఒళ్లు నొప్పులతో వచ్చి కూర్చున్న మనిషి ఆ వాక్యం వింటే, దేవుడు తన పనిని ఆమె పనితో పోల్చుకున్నాడని ఆమెకు తెలియాలి కదా. నువ్వు ఆ సంగతి దాటేసి నేరుగా సిద్ధాంతంలోకి వెళ్లిపోయావు.

వాక్యాన్ని జీవితానికి కలపడాన్ని మనం ‘అన్వయం’ అంటాం. చాలామంది ఈ మాట దగ్గరే దారి తప్పుతారని నాకు అనిపిస్తుంది. వాక్యం ఒకచోట, జీవితం మరోచోట ఉన్నట్టు, రెండింటికీ మనం ముడి వెయ్యాలన్నట్టు రాస్తారు. జీవితం వాక్యం లోపలే ఉంది. పొద్దు వాలేదాకా సంతవీధిలో నిలబడి, ‘ఎవరూ మమ్మల్ని కూలికి పెట్టుకోలేదు’ అన్నవాళ్లు మత్తయి 20లో ఉన్నారు. విశ్రాంతి దినం ఎప్పుడు అయిపోతుందా, కొలత తగ్గించి, వెల పెంచి, దొంగ త్రాసుతో ఎప్పుడు అమ్ముకుందామా అని లెక్కలేసుకునేవాళ్లు ఆమోసు 8లో ఉన్నారు. ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టల పేదవాణ్ని కింద కూర్చోమన్న సంఘం యాకోబు పత్రికలో ఉంది. వీళ్లను కనిపించనిస్తే చాలు. ‘మనం కూడా’ అని నువ్వు చెప్పకముందే వినేవాళ్లు తమను తాము గుర్తుపడతారు.

నా తప్పు ఒకటి చెబుతాను, నీకు పనికొస్తుంది. కొత్తలో పౌలు రాసిన ఫిలిప్పీ పత్రిక 4:6 మీద ప్రసంగించాను. ‘దేనినిగూర్చియు చింతపడకుడి’. చింతకు విశ్వాసలేమే కారణమని గట్టిగా, ధారాళంగా చెప్పాను. ఆరాధన ముగిశాక ఒకామె దగ్గరికొచ్చింది. కొడుకు ఆస్పత్రిలో ఉన్నాడు. ‘అయ్యగారూ, రాత్రంతా నిద్రపట్టక ఏడ్చాను. అది కూడా పాపమేనా?’ అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఇంటికొచ్చి ఆ పత్రిక మొదటినుంచి మళ్లీ చదివాను. రెండో అధ్యాయంలోనే ఉంది: పౌలు స్నేహితుడు ఎపఫ్రొదితు జబ్బుపడి చావుదాకా వెళ్లాడు, దేవుడు కనికరించాడు. అతన్ని మాత్రమే కాదట, తనకు ‘దుఃఖముమీద దుఃఖము’ కలగకుండా తనను కూడా కనికరించాడట. రాసింది పౌలే, అదీ సంకెళ్లలో ఉండి. చింతపడకండి అన్న చెయ్యే స్నేహితుడి మంచం గురించి ఈ మాట కూడా రాసింది. నేను ఒక వచనాన్ని దాని ఇంట్లోంచి బయటికి లాగి, ఒక తల్లిమీద బరువు పెట్టాను. తర్వాతి వారం వెళ్లి ఆమెకు రెండో అధ్యాయం చదివి వినిపించాను. ఆమె ఏమీ అనలేదు, ఇంకోసారి చదవమంది.

అందుకే ఏ వచనం తీసుకున్నా ముందూ వెనకా ఉన్న మనుషుల్ని పలకరించి రా. ఆరాధనలో కూర్చున్న అందరూ సంతోషంగా ఉన్నారన్న లెక్కలో రాయకు. కీర్తనల్లో మొరలు, విలాపాలు ఎన్ని ఉన్నాయో చూడు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. దాన్ని ఆరాధనలో చదవాల్సి వస్తే చివర ధైర్యవచనం అతికించకు. ఆ చీకటిలో ఉన్నవాళ్లకు తమ మాట లేఖనంలో దొరికింది, ఆ రోజుకు దాన్ని వాళ్లకే వదిలెయ్యి.

ఇంకొకటి. ప్రసంగం ఒక్కటే అంతా మొయ్యాలనుకోకు. సుమారు క్రీ.శ. 155లో తొలినాటి క్రైస్తవ రచయిత జస్టిన్, విశ్వాసాన్ని సమర్థిస్తూ రాసిన మొదటి గ్రంథంలో ఆదివారపు ఆరాధనను వివరించాడు. అపొస్తలుల జ్ఞాపకాలో (అంటే సువార్తలో) ప్రవక్తల రాతలో సమయం ఉన్నంతవరకు చదివేవారు. తర్వాత పెద్ద, విన్నదాన్ని నడతలో పెట్టమని హెచ్చరించేవాడు. అందరూ నిలబడి ప్రార్థించేవారు. రొట్టె, ద్రాక్షారసం పంచుకుని, రాలేనివాళ్లకు పరిచారకుల చేత పంపేవారు. ఉన్నవాళ్లు ఇచ్చిన కానుక అనాథలకు, విధవరాళ్లకు, రోగులకు, చెరలో ఉన్నవాళ్లకు, పరదేశులకు వెళ్లేది. చదివిన వాక్యం ఆ రోజే ఒక రోగి ఇంటి తలుపు తట్టేది. దీనిలో నువ్వు రాసే భాగం ఎంతో ఆలోచించు.

ప్రసంగానికి పెట్టే శ్రద్ధలో సగమైనా విజ్ఞాపన ప్రార్థనకు, అంటే ఇతరుల కోసం చేసే ప్రార్థనకు పెట్టు. ‘రోగులను స్వస్థపరచుము, బాధలో ఉన్నవారిని ఆదరించుము’ అని వారం వారం అదే మాట వింటే చెవులు మొద్దుబారతాయి. ‘రిపోర్టు కోసం ఎదురుచూస్తూ, ఫోను మోగితే భయపడుతున్నవాళ్లను’ అని ఒక్కసారి అను. ‘పని పోయిన సంగతి ఇంట్లో ఇంకా చెప్పనివాళ్లను’ అను. నువ్వు నాణెం కథ ప్రసంగించే రోజున ‘వెదికి వెదికి అలసిపోయినవాళ్లను’ అను. అలా అంటే వాక్యం ప్రార్థనలోకి దానంతటదే వస్తుంది.

అయితే జాగ్రత్త. సంఘంలో ఎవరో నీతో చెప్పుకున్న బాధను, వాళ్లను అడగకుండా ఎప్పుడూ ప్రసంగంలోకి తేకు. పేరు తీసేసినా పక్కవాళ్లు గుర్తుపడతారు. నీ దగ్గర మనసు విప్పినవాళ్లు ఇకమీద నోరు విప్పరు. ఇందాక నేను రాసిన తల్లి సంగతి కూడా ఆమె సరేనన్నాకే చెబుతున్నాను.

భాష గురించి ఎక్కువ చెప్పను. వాక్యాన్ని గ్రంథంలో ఉన్నట్టే చదువు, దాని గాంభీర్యం దానికి ఉంది. నీ మాట మాత్రం నువ్వు ఇంట్లో మాట్లాడేదే అయి ఉండాలి. ‘చేయుచున్నాము, కోరుచున్నాము’ అని నువ్వు కూడా మొదలుపెడితే ఏది లేఖనమో ఏది నువ్వో తెలియదు.

చివరి పేరా కొట్టెయ్యి. ఆమె ఊడుస్తున్న చోట ఒక పేజీ పెంచు. నాణెం దొరికాక పొరుగువాళ్లను పిలుస్తుంది చూడు, అక్కడ కూడా కాసేపు ఉండు. నువ్వు దాన్ని ఒక్క ముక్కలో తేల్చేశావు. విజ్ఞాపన ప్రార్థన రాసి దాంతో కలిపి పంపు, శనివారంలోపు చదివి రాస్తాను.

నీ అన్న