అతిథుల ముందు షార్కుటరీ పళ్లెం

ప్రశ్న: మే నెలలో ఒక సాయంత్రం ఎనిమిది మంది అతిథులు మా ఇంటికి వస్తున్నారు. షార్కుటరీ బోర్డు, అంటే సలామీ, హామ్ వంటి ఉప్పు పట్టించి నిల్వచేసిన పంది మాంసపు ముక్కలు, చీజ్‌లు సర్దిన పళ్లెం, పెట్టాలనుకుంటున్నాను. ఎంత కొనాలి, ఎప్పుడు సర్దాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: భోజనానికి ముందు పెట్టేదైతే మనిషికి 50 గ్రాముల మాంసం, అంతే చీజ్ చాలు కనుక మీరు ఒక్కొక్కటి 400 గ్రాములు తీసుకోండి. చీజ్‌ను అరగంట ముందు ఫ్రిజ్‌లోంచి తీస్తే దాని రుచి బాగా తెలుస్తుంది. మాంసాన్ని మాత్రం అతిథులు కూర్చున్న తరువాతే, అదీ సగమే తీయండి, ఎందుకంటే 32 డిగ్రీలు దాటిన గదిలో దానిని గంటకు మించి ఉంచకూడదు, మన వేసవిలో సాయంత్రమైనా ఆ వేడి తగ్గదు. పలుచని సలామీ బిళ్లను రెండు మడతలు వేసి, తాంబూలపు చిలకలా నిలబెడితే చూడముచ్చటగా ఉంటుంది, వేళ్లతో అందుకోవడమూ సులువు. బేగంబజార్‌లో దొరికే అంజీర్, బాదం పక్కన చేరిస్తే ఉప్పదనం సర్దుకుంటుంది. పంది మాంసం తినని వారికి చికెన్ సలామీని, శాకాహారులకు చీజ్, పండ్లను వేర్వేరు పళ్లాలలో, వేర్వేరు పటకార్లతో తప్పక ఉంచండి.